సీసాలో అంబలి

ఎల్లారెడ్డిలో నేనున్న అద్దె గది కిటికీలో ఏడు ఖాళీ సీసాలు వరుసగా ఉండేవి. ఏడింటి మీదా ఒకటే బొమ్మ. మీసాలు మెలేసిన పహిల్వాను ఒంటి చేత్తో రాతిగుండు ఎత్తి పట్టుకుని నవ్వుతుంటాడు. ఆ ఏడు సీసాల ఎర్ర టానిక్కూ తాగింది నేనే. తాగిన నన్ను చూస్తే ఆ పహిల్వాను గుండు కింద పడేసి వెళ్లిపోయేవాడు. నల్లబల్ల మీద నాలుగు వరుసలు రాసేసరికి నా చేయి వణికేది. బడి అరుగు మూడు మెట్లు ఎక్కి, పంచె సర్దుకుంటున్నట్టు నటించి ఊపిరి తీసుకునేవాణ్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు.

మాది బీర్కూరు వైపు ఒక పల్లె. భూమీ, పశువులూ ఉన్న ఇల్లు. అమ్మ పోయిన ఏడాదికే ఆ ఇల్లు అన్నదీ వదినదీ అయింది. వదిన చెడ్డ మనిషేం కాదు. వేళకు అన్నం పెట్టేది. పెట్టేటప్పుడు నా ముఖం మాత్రం చూసేది కాదు. నాకు చిన్నప్పటినుంచీ ముక్కుమీద కోపం. ఒకరోజు కంచం ముందునుంచి లేచి, ఈ ఇంట్లో మళ్లీ చేయి కడగనని చెప్పి బయటికి నడిచాను. అన్న ఆపుతాడనుకున్నాను. ఆపలేదు.

చదివిన నాలుగు ఉర్దూ ముక్కలతో ఎల్లారెడ్డి బడిలో పంతులు పని దొరికింది. కానీ అది కచ్చా నౌకరి. ముస్తకిల్ కావాలంటే, అంటే ఖాయం చెయ్యాలంటే, కోతలయ్యాక కామారెడ్డి దవాఖానకు వెళ్లి, ఈ మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని డాక్టరు చేత కాగితం రాయించుకు రావాలి. డాక్టరు రాయకపోతే నౌకరి పోతుంది. నౌకరి పోతే నాకున్న దారి ఒక్కటే, ఆ కంచం ముందు మళ్లీ కూర్చోవడం. దానికంటే చావడం నయమని అప్పట్లో నిజంగానే అనుకునేవాణ్ని.

నా తిండి సంగతి చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. పొద్దున ఒకసారి బియ్యం పొయ్యిమీద పెట్టేవాణ్ని. సగం పొద్దున, సగం రాత్రికి, రెండు పూటలా మామిడికాయ తొక్కుతోనే. జొన్నలు ముట్టేవాణ్ని కాదు. నౌకరి చేసేవాడు తెల్ల బియ్యం తినాలిగానీ కూలివాళ్లలా జొన్న గట్క తినడమేమిటని నా బడాయి. ఆకుకూర తెచ్చుకుంటే ఏరాలి, కడగాలి, ఒక్కడి కోసం అంత శ్రమ ఎందుకనిపించేది. చాలా రోజులు రాత్రి అన్నం గిన్నెలోనే పులిసిపోయేది. బడి లేని రోజున మధ్యాహ్నం దాకా చాప మీదినుంచి లేచేవాణ్ని కాదు. లేచి ఎవరితో మాట్లాడాలి? మర్నాడు బడిలో మొదటి మాట మాట్లాడితే గొంతు బొంగురుగా వచ్చేది, ముందురోజంతా నోరు తెరవలేదని అప్పుడు తెలిసేది.

టానిక్కు సలహా మా పెద్ద పంతులుది. బడికి పెద్ద ఆయనే. నా ముఖం చూసి, "ఒంట్ల రక్తం లేదు నీకు. ఈ ఎర్ర మందు తెప్పించుకో. మా బామ్మర్ది గిదే తాగి గుర్రమోలె అయిండు" అన్నాడు. తర్వాత ఆ బామ్మర్దిని చూశాను. గుర్రం పోలిక ఉన్నమాట నిజమే, కానీ అది పళ్ల వరకే.

సీసా కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. బస్సు వచ్చే వేళకు ఉత్తరాల కోసం కొందరు, చుట్టాల కోసం కొందరు నిలబడి ఉండేవారు. నాకోసం వచ్చేది ఆ సీసా ఒక్కటే. గుడ్డలో చుట్టి గదికి తెచ్చుకుని, విప్పి, బొమ్మ వైపు కాసేపు చూసేవాణ్ని. భోజనం తర్వాత రెండు చెంచాలు తాగాలని దాని మీద అచ్చువేసి ఉండేది. భోజనం మాట వదిలేసి రెండు చెంచాల మాట మాత్రం పట్టుకున్నాను. వండుకోవడానికి బద్ధకం వేసిన రోజు మూడు చెంచాలు తాగి, ఈ పూటకు ఇది చాలులే అనుకునేవాణ్ని. ఇంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో ఇంకొకటి చెయ్యలేదు. చేసిన ఇంకొక తప్పు తెలివితక్కువది కాదు, పిరికిది. దాని సంగతి తర్వాత చెబుతాను.

మా బడి వాకిలీ, నా గది వెనుక పెరడూ ఊడ్చడానికి ఒక ముసలావిడ వచ్చేది. ఊరి చివర పొలాల అవతల వాళ్ల ఇండ్లు. కూలినాలి చేసుకునే కుటుంబాలు, కిరస్తానీ మతంలో కలిసినవాళ్లు, ఆదివారం పూట రేకుల కొట్టంలో ప్రార్థనకు పోయేవాళ్లు. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. ఒక్క కూతురిని మద్నూరు వైపు ఇచ్చింది. ఆమె చేతి నీళ్లు మాలాంటి ఇళ్లవాళ్లు తాగరు. ఎవరి చేతిది తాగవచ్చో, ఎవరిది తాగకూడదో మాకు నడక రాకముందే నేర్పేవాళ్లు. వయసులో నాకు అవ్వ కావలసిన మనిషిని నేను "ఏమే" అని పిలిచేవాణ్ని. అందరూ అలాగే పిలిచేవాళ్లు కాబట్టి అది తప్పని తోచనేలేదు.

ఒకరోజు పెరడు ఊడుస్తూ, కిటికీ వైపు చూసి చీపురు ఆపింది.

"పంతులూ, సీసలు పెరుగుతున్నయి గని నువ్వు తరుగుతున్నవేంది?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

"గిన్నె నిన్నటిది గట్లనే ఉన్నది. కుక్కకు ఏస్తున్నవా?"

కోపం నషాళానికి అంటింది. కానీ అరవడానికి కూడా ఒంట్లో బలం ఉండాలి. ఖాళీ సీసాలు ఇమ్మని అడిగింది, దీపానికి గాసనూనె పోసుకోవడానికట. తీసుకుపొమ్మన్నాను.

ఆ వారంలోనే బడిలో పడిపోయాను. లెక్క చెబుతూ చెబుతూ నల్లబల్ల కళ్లముందే తెల్లగా అయిపోయింది. తెలివి వచ్చేసరికి నేలమీద ఉన్నాను. వాకిట్లో ఆమె చేతిలో ముంత పట్టుకుని నిలబడి ఉంది. నిండా నీళ్లున్న ముంత. నాకూ ఆమెకూ మధ్య పది అడుగులుండవు. లోపలికి రాలేదు. రాకూడదు. పెద్ద పంతులు తన ఇంటినుంచి చెంబు తెప్పించేదాకా నేను ఎండిన నోటితో ఆ ముంత వైపు చూస్తూ పడుకున్నాను. ఆమె నా వైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దు పొడవకముందే గది వెనుక తలుపు చప్పుడైంది. తీస్తే, గడప అవతల పహిల్వాను సీసా ఒకటి పెట్టి, ఆమె నాలుగడుగులు వెనక్కి జరిగి ఉంది. సీసాలో ఎర్ర మందు కాదు, తెల్లగా చిక్కగా ఇంకేదో ఉంది.

"ఏమిటిది?"

"మందు పంతులూ. మందుకు అంటు ముట్టు ఏముంది? తాగొచ్చు. గని ఊరికె తాగితే పట్టదు, పత్తెం ఉన్నది. కామారెడ్డి బాట పట్టి రెండో మైలురాయి దాక నడువాలె. ఆడ కూసుండి తాగాలె. నడువకుంట తాగితే కడుపుల గడబిడైతది."

ఆమె అన్నది నిజమే. మా ఇళ్లలో మందుకు మాత్రం ఆ పట్టింపు ఉండేది కాదు. పసరు ఎవరు నూరినా తాగేవాళ్లం, కట్టు ఎవరు కట్టినా కట్టించుకునేవాళ్లం. నేను తాగిన ఏడు సీసాలు ఏ చేతులు నింపాయో నాకు తెలుసా? ఎప్పుడూ అడగలేదు.

రెండో మైలురాయి చేరడానికి ఆ రోజు మూడుచోట్ల కూర్చున్నాను. రాయి పక్కన కూర్చుని మూత తీశాను. మొదటి గుక్కలోనే తెలిసిపోయింది. జొన్న అంబలి. పుల్లని చల్ల కలిపి, ఉప్పు వేసి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేసింది. మా అమ్మ ఎండాకాలం అదే చేసేది. రెండో గుక్క మింగలేకపోయాను, ఏడుపు అడ్డం వచ్చింది. కాసేపు ఏడ్చి మొత్తం తాగాను. అది మందు కాదని నాకు తెలుసు. నాకు తెలుస్తుందని ఆమెకూ తెలుసు. అయినా సీసా మీద బొమ్మ ఉన్నంతకాలం అది మందే. ఆ కాగితం ముక్కే నా కులాన్ని కాపాడింది.

రోజూ సీసా వచ్చేది. దాంతోపాటు పత్తెమూ పెరిగేది. తెల్ల బియ్యం ఒక్కటే తింటే మందు విరుగుతుంది, ఒకపూట జొన్నరొట్టె ఉండాలంది. నాకు రొట్టె చరచడం రాదంటే పెరట్లో నిలబడి దూరంనుంచే నేర్పింది. "మెల్లగ, గుండ్రంగ తిప్పు. రొట్టెను గొడుతున్నవా, పోరగాండ్లను గొడుతున్నవా?" అని నవ్వేది. పుంటికూరో, తోటకూరో ఏదో ఒక ఆకు రోజూ ఉడకాలంది. పొద్దుటి అన్నం రాత్రికి దాచకూడదు, రాత్రి దీపం ముందు ఊరికే కూర్చోకుండా పడుకోవాలి. ఇవన్నీ ఉత్త మాటలుగా చెప్పి ఉంటే నేను వినేవాణ్ని కాదు. చిన్నప్పుడు అమ్మ చెప్పినవే కదా, అందులో ఏముంది గొప్ప అనేవాణ్ని. మందుకు పత్తెమంటే మాత్రం తు.చ. తప్పకుండా చేశాను. మనం మందుకు ఇచ్చిన మర్యాద అన్నానికి ఇవ్వం. ఆ సంగతి నాకంటే ఆమె బాగా కనిపెట్టింది.

అన్నిటికంటే వింత పత్తెం ఇంకొకటి ఉంది.

"ఒక్కనివే కూసోని తింటే మందు పట్టదు" అంది.

"మరి ఎవరిని తీసుకురావాలె?"

"నేను గోడకాడ కూసుంట. నువ్వు తిను. నీ దిక్కు చూడ."

సాయంత్రం బడి ఊడ్చాక వచ్చి, పెరటి గోడ పక్కన నాకు వీపు పెట్టి కూర్చునేది. తినేవాడి మీద తన చూపు పడకూడదని వీపు పెట్టేది. నేను గదిలో గడప దగ్గర కంచం పెట్టుకునేవాణ్ని. ఆమె గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేది. ఏ చేనులో కలుపు ఎక్కువైందో, ప్రార్థనలో ఎవరు కునికారో చెప్పేది. మద్నూరు మనుమరాలి గురించి ఎక్కువగా చెప్పేది. "ఆడ అందరిది మరాఠే పంతులూ. అది నన్ను అవ్వ అనది, ఆజీ అంటది. ఏందో చెప్తది, నాకు తెల్వది. నేను చెప్పేది దానికి తెల్వది. ఇద్దరం నవ్వుకుంటం." ఆ మాట అన్నాక ఒళ్లోని చీపురు పుల్లలు విరవసాగింది. నేను నమలడం ఆపాను. ఆమెకూ ఇంటికి పోతే పక్కన కూర్చునేవాళ్లు లేరని నాకు అప్పుడే తట్టింది. ఆ సాయంత్రం మొదటిసారి "అవ్వా" అన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు గానీ, చీపురు పుల్లలు విరుస్తున్న చెయ్యి ఆగింది.

కోతలయ్యేసరికి మూడు మెట్లూ ఆగకుండా ఎక్కుతున్నాను. నాలుగో మైలురాయి దాకా పోయి వస్తున్నాను.

కామారెడ్డి దవాఖానలో డాక్టరు పెద్ద వయసు సాయెబు. నాడి చూశాడు, కనురెప్ప కిందకి లాగి చూశాడు, గదిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిపించాడు. పెద్ద పంతులు కూడా నా వెంట వచ్చి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నాలాగే కాగితాల కోసం వచ్చిన పంతుళ్లు ఇంకో ఇద్దరున్నారు.

"ఏమైనా మందు తాగుతున్నావా?" అని డాక్టరు ఉర్దూలో అడిగాడు.

టానిక్కు పేరు చెప్పాను. ఆయన నవ్వాడు. "అది బెల్లం పాకం. తినేవాడికి దాంతో పనిలేదు, తిననివాణ్ని అది నిలబెట్టలేదు. నీ ఒంటికి తిండి పట్టింది, నడక పట్టింది. ఎవరు చూసుకుంటున్నారు నిన్ను? ఇంట్లో అమ్మ ఉందా?"

చెప్పవచ్చు. ఎల్లారెడ్డిలో ఒక అవ్వ ఉంది, ఆమె అంబలి పోస్తుంది, నేను తాగుతాను అని ఒక్క మాట. పెద్ద పంతులు నా ముఖంలోకి చూస్తున్నాడు.

"ఎవరూ లేరు. ఆ టానిక్కే" అన్నాను.

డాక్టరు కలం ముంచి కాగితం రాసిచ్చాడు. నౌకరి ఖాయమైంది.

మర్నాడు పెద్ద పంతులు బడి వాకిట్లో నిలబడి, వచ్చేపోయే వాళ్లందరికీ వినబడేలా చెప్పాడు. "చూసిండ్రా, నేను చెప్పిన టానిక్కు. మనిషిని నిలబెట్టింది." అవ్వ అక్కడే ఊడుస్తోంది. పెద్ద పంతులు నా వైపు తిరిగి, "అవునా, కాదా?" అన్నాడు. నేను తల ఊపాను. అవ్వ ఊడుస్తూనే వచ్చింది. మా కాళ్ల దగ్గర చెత్త ఉంటే, మేం జరిగేదాకా ఆగి, ఊడ్చుకుని పోయింది.

మరుసటి పొద్దున గడప అవతల సీసా లేదు. సాయంత్రం గోడ దగ్గరకూ రాలేదు. మూడోరోజు పెరట్లో అడిగాను.

"అవ్వా, మందు తేలేదేంది?"

"కాయితం వచ్చింది గద పంతులూ. మందు జబ్బున్నోళ్లకు. నీకిగ మందెందుకు?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకుని బయటపడేవాణ్ని. ఆమె ఉన్నమాటే అంది. ఆ అంబలిని నేను మందుగానే తాగాను, అందరి ముందూ నన్ను నిలబెట్టిన మందు కూడా అది కాదన్నాను. ఇప్పుడు కావాలంటే అన్నంగా అడగాలి. అది మందు కాదని నాకు మొదటినుంచీ తెలుసు అవ్వా, నాకు నీ అంబలే కావాలి అనాలి. ఎన్ని మాటలున్నాయి అందులో? పిల్లలకు రోజుకు ఇంతకంటే ఎక్కువే వల్లె వేయించేవాణ్ని.

అనలేదు. దానికి బదులు నేను చేసింది చెబితే నవ్వుతారు. నాలుగు రోజులు దగ్గాను. ఆమె పెరట్లో ఉన్నప్పుడల్లా గోడ పట్టుకుని దగ్గాను. ఆమె చీపురు పక్కన పెట్టి, దూరంనుంచే "నాలిక జూపు" అంది. చూపించాను. "ఎర్రగ మంచిగున్నది. నీకేం కాలే. పోయి రొట్టె చేసుకో" అని మళ్లీ ఊడ్చుకుంది.

రొట్టె చేసుకున్నాను. ఆకు ఉడకబెట్టుకున్నాను. పొద్దున్నే నడిచాను. అన్నీ వేళకు జరిగాయి, ఒళ్లు రాయిలా ఉంది. సాయంత్రం గడప దగ్గర కంచం పెట్టుకుని గోడ వైపు చూస్తూ తినేవాణ్ని. ఒంట్లో జబ్బున్నప్పుడు కూడా అంత ఒంటరితనం నాకు తెలియలేదు.

వానలకు ముందు కామారెడ్డి బడికి బదిలీ అయింది. పెట్టె బస్సు పైకి ఎక్కించాను. డ్రైవరు ఇంజనులో నీళ్లు పోస్తున్నాడు, ఇంకా వ్యవధి ఉంది. అవ్వ బాట పక్కకు వచ్చి నిలబడింది. నేను దగ్గరకు వెళ్లాను. ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ ధైర్యం, అనేశాను.

"అవ్వా, ఆకలైతుంది."

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. అన్నాళ్లలో అలా చూడటం అదే మొదలు.

"మందా?"

"కాదు. ఆకలి."

"అయితే ఇంటికి రా. రొట్టె ఉన్నది, పుంటికూర ఉన్నది. గింత దూరమే. బస్సాయినకు నేను చెప్త, ఆగుతడు."

బస్సు పక్కన పెద్ద పంతులు ఉన్నాడు. దుకాణాల ముందు మనుషులున్నారు. అందరూ ఇటే చూస్తున్నట్టు నాకు అనిపించింది. నిజంగా చూశారో లేదో ఇప్పటికీ తెలియదు.

"మల్ల వచ్చినప్పుడు వస్త అవ్వా."

"మంచిది పంతులూ" అంది. "యాళ్లకు తిను."

ఆ తర్వాత రెండుసార్లు ఎల్లారెడ్డి వెళ్లాను. రెండుసార్లూ పొలాల గట్టు దాకా పోయి, ఎవరో ఎదురైతే వేరే పని మీద వచ్చినట్టు తిరిగి వచ్చాను. మూడోసారి రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో వెళ్లాను. ఈసారి వెనక్కి తిరగకూడదని, ముందురోజు రాత్రినుంచీ ఏమీ తినకుండా బయలుదేరాను. గట్టు దాటాను. ఆమె ఇంటికి తాళం ఉంది. కూతురు వచ్చి మద్నూరు తీసుకుపోయిందనీ, ఇక రాదనీ పక్కింటి ఆమె చెప్పింది. చెప్పి, నేను కూర్చోవడానికి తన అరుగు తుడిచి, దూరంగా జరిగి నిలబడింది.

మిట్టమధ్యాహ్నం. చుట్టూ ఇళ్లలో పొయ్యిలు వెలుగుతున్నాయి, రొట్టెలు చరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరైనా తిన్నావా అని అడుగుతారేమో, అడిగితే ఈసారి తిందామని, సాయంత్రం బస్సు వేళదాకా ఆ అరుగు మీద కూర్చున్నాను. వాళ్లు మంచివాళ్లే, పిసినారులు కారు. కానీ నాలాంటి ఇంటివాణ్ని తింటావా అని ఆ వాడలో ఎవరూ అడగరు. అడగకూడదని వాళ్లకు నేర్పింది మేమే. నేను ఆకలితోనే లేచి బస్సు దగ్గరికి నడిచాను.